గోడవైపు కుర్చీ

వదినా,

చేతిరాత గుర్తుపట్టావా? పదకొండేళ్ళయింది, గుర్తుపట్టకపోయినా ఏమీ అనుకోను. కోపం పోయి రాస్తున్నాననుకోకు. అది అలాగే ఉంది. చెప్పుకోవడానికి వేరే మనిషి లేక రాస్తున్నాను.

నేనిప్పుడు పెద్దవాళ్ళ హోమ్‌లో ఉంటున్నాను. మూడేళ్ళవుతోంది. రెండో అంతస్తు, వరండా చివరి గది. చేరిన రోజు ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. మందులు, పథ్యం, అవసరమైతే ఎవరికి కబురు చెయ్యాలి, ఇవన్నీ అయ్యాక చివర ఒక గడి: ప్రార్థన కోసం ఎవరైనా గదికి రావాలా? "అక్కర్లేదు" అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ రెండో గీత నీ మీద కోపంతో గీసింది. రావాలన్నవాళ్ళ తలుపుల మీద నీలం చుక్క అంటిస్తారు. నా తలుపు మీద లేదు. చుక్క ఉన్న తలుపులు తట్టి, కాసేపు కూర్చుని, ప్రార్థన పుస్తకం చదివి వెళ్ళే ఆవిడ ఒకరున్నారు. ఒకప్పుడు నర్సు. మేమంతా పుస్తకాలావిడ అంటాం. ఆవిడ చెప్పుల చప్పుడు పక్క గది దాకా వచ్చి ఆగిపోతుంది.

పక్క గదిలో లెక్కల టీచరమ్మ. రిటైరై చాలా ఏళ్ళయింది, చెవుడు. ఆవిడకి ప్రతి బుధవారం నాలుగింటికి చదువుతారు. మొదట్లో ఆ చదువు వింటే నాకు ఒళ్ళు మండేది. నిద్ర పాడవుతోందని మేనేజరుకి కంప్లైంటు ఇచ్చాను. మరుసటి బుధవారం ఏమీ వినపడలేదు. కిటికీ దగ్గరి కుర్చీని గోడ దగ్గరికి లాక్కుని, చెవి ఆనించి కూర్చున్నా లేదు. ఆ గంట ఎలా గడిచిందో చెప్పలేను వదినా. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి, "పాపం పెద్దావిడ, చదివించుకోనివ్వండి, నేనే సర్దుకుంటాను" అని కంప్లైంటు వెనక్కి తీసుకున్నాను. మేనేజరు నా మంచి మనసుని మెచ్చుకున్నాడు కూడా! ఆపై బుధవారం గొంతు తిరిగొచ్చింది, మునుపటికంటే గట్టిగా.

టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను కదా. లైన్లో మాటలు వినకూడదన్నది అక్కడ మొదటి నియమం, విననివాళ్ళు ఒక్కరూ లేరు. ఇదీ ఆ అలవాటే అనుకో. కుర్చీ గోడ దగ్గరే ఉండిపోయింది. ఆ పుస్తకంలో దేవుణ్ణి పొగిడేవే కాదు, నిలదీసేవీ ఉన్నాయి. "ఎక్కడున్నావు" అని అడిగే చోట నేను ఊపిరి బిగబట్టేదాన్ని. నమ్మి కాదు. ఆ గంటసేపు ఎవరో నాతో మాట్లాడుతున్నట్టుండేది.

మూడు వారాలుగా ఆ గొంతు లేదు. టీచరమ్మని ఆసుపత్రిలో చేర్చారు.

నువ్వన్న మాట నీకు గుర్తుందో లేదో. మీ తమ్ముడు పోయిన రోజు అందరి ముందూ అన్నావు: "నలభై రోజులు ప్రార్థన చేశాం. నీ నమ్మకంలోనే ఎక్కడో లోటుంది." అప్పటికి ఆయన చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది.

మీ తమ్ముడి భార్య


పలకని వదినకి,

జవాబు రాలేదు. నేను ఆశించలేదంటే అబద్ధం. రోజూ పదకొండింటికి కిందికి దిగి, పేపరు కోసం వచ్చినట్టు నటిస్తూ ఉత్తరాల బల్ల చుట్టూ తిరుగుతున్నాను.

టీచరమ్మ సోమవారం పోయారు. గది కడిగి పరుపు ఎండలో వేశారు. తలుపు మీది నీలం చుక్క గోటితో గీకేస్తే జిగురు మచ్చ మిగిలింది. కింద హాల్లో అందరూ కూడి ప్రార్థన చేశారు. నేను వెళ్ళలేదు. మూడేళ్ళలో ఆవిడ నా గదికి వచ్చింది ఒక్కసారే, ఆ కంప్లైంటు గొడవ జరిగిన వారంలో. సూది కావాలని సైగ చేశారు. ఇచ్చాను. గదంతా ఒకసారి కలయజూసి, నవ్వి వెళ్ళిపోయారు. రెండుసార్లు గట్టిగా "కూర్చోండి" అన్నాను, వినపడలేదు. తర్వాత నేనైనా వెళ్ళి పలకరించలేదు. గోడకి ఇవతల మూడేళ్ళు కూర్చున్నానే తప్ప, నాలుగడుగులు వేసి ఆ తలుపు తట్టలేదు. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నీతో ఇంకో నిజం చెప్పాలి. నీ మాట నన్నంతగా ఎందుకు కోసిందో తెలుసా? నువ్వన్నది నిజం కాబట్టి. ముప్పై ఆరో రోజు నుంచి ఆయన్ని బతికించమని నేను అడగలేదు. ఆ బాధ చూడలేకపోయాను వదినా. తీసుకుపొమ్మని అడిగాను. అందరితో పాటు కళ్ళు మూసుకుని, అందరూ ఒకటి అడుగుతుంటే నేను ఇంకొకటి అడిగాను. నువ్వు నా లోపలికి చూసే ఆ మాట అన్నావనుకున్నాను. భయపడ్డాను. ఆ భయాన్నే ఇన్నేళ్ళూ కోపం అని పిలుచుకుంటూ వచ్చాను.

ఫారం మార్చమని అడగడానికి ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. అలా అడిగినదాని దగ్గరికి పుస్తకం పట్టుకుని ఎవరొస్తారు? వచ్చినా ఏ మొహం పెట్టుకుని వినను? రేపు కుర్చీని కిటికీ వైపు తిప్పేస్తాను. ఇక నీకూ రాయను.

మీ తమ్ముడి భార్య


వదినా,

ఇక రాయనన్నానా? నా మాట ఎప్పుడు నిలబడింది గనక!

నీ కోడలి ఉత్తరం అందింది. నీ చూపు పోయి రెండేళ్ళయిందని నాకెవరూ చెప్పలేదు. నా ఉత్తరాలు తనే చదివి వినిపించిందట. రెండోదాని మధ్యలో నువ్వు ఆపమని, "నేను ముప్పయ్యో రోజుకే అదే అడిగాను" అన్నావట. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నీ లోపల ఉన్నదాన్ని మొయ్యలేక నా నెత్తిన పెట్టావన్నమాట. తిడదామని నోటిదాకా వచ్చింది, ఏడుపు దాన్ని దాటేసింది. ఇద్దరం ఆయన మంచానికి చెరోపక్కన కూర్చుని, ఒకే మాట అడిగి, ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నాం.

ఇంకొకటి విను. నిన్న నాలుగింటికి నా తలుపు చప్పుడైంది. పుస్తకాలావిడ.

"చుక్క లేదు కదండీ," అన్నాను.

"చదవడానికి రాలేదమ్మా. ఇది మీకిమ్మని టీచరమ్మగారు చెప్పి వెళ్ళారు," అంటూ ఆ ప్రార్థన పుస్తకం నా చేతిలో పెట్టారు. నాకెందుకన్నాను. ఆవిడ కుర్చీ వైపు చూశారు. అది ఇంకా గోడ దగ్గరే ఉంది, తిప్పడానికి చేతులు రాలేదు.

"ఆవిడకి బొత్తిగా వినపడేది కాదమ్మా, ఇక్కడికి రాకముందు నుంచీ. వేలు పెట్టి తనే చదువుకునేవారు. నేను అలవాటుకొద్దీ పైకి చదివేదాన్ని. మీ కంప్లైంటుతో మానేశాను. మీరు వెనక్కి తీసుకున్నాక కూడా, వినపడని మనిషికి మళ్ళీ ఎందుకులే అనుకున్నాను. ఈలోగా ఆవిడ సూది కోసం మీ గదికొచ్చారట. అందరి కుర్చీలూ కిటికీ వైపుంటే మీది గోడవైపు కనపడిందట. ఆ బుధవారం నా కుర్చీ కూడా గోడ దగ్గరికి జరిపించి, కాగితం మీద రాసి చూపించారు."

"ఏమని?"

"'గట్టిగా చదవండి. అవతల ఒకరున్నారు' అని."

మూడేళ్ళు వదినా. ఎవరూ రారనుకున్నాను. ప్రతి బుధవారం నా కోసమే వచ్చారు.

ఇవాళ ఆఫీసుకెళ్ళి ఆ ఫారం తీయించాను. "అక్కర్లేదు" కొట్టేసి, "పిలిస్తే వచ్చి చదువుతాను" అని రాశాను. మేనేజరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. నాకు నమ్మకం తిరిగొచ్చిందో లేదో నాకే తెలియదు. గొంతు మాత్రం ఉంది, ఎక్స్‌చేంజ్‌లో అరిచి అరిచి బాగా పదునెక్కిన గొంతు. వెళ్ళాల్సిన తలుపులు ఇప్పటికే నాలుగయ్యాయి. బుధవారం నాలుగింటి వేళ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది నీకు అట్టేపెట్టాను. గోడ దగ్గర రెండో కుర్చీ వేయించాను. బస్సులో రెండు గంటలే కదా, మీ అబ్బాయిని తీసుకురమ్మను.

అమ్మాయ్, ఇది చదువుతున్నది నువ్వే కదా. ఇక్కడ్నుంచి కాస్త గట్టిగా చదువు. మీ అత్తయ్య మొండిది, వినపడనట్టు నటిస్తుంది. వదినా, వచ్చెయ్.

నీ మరదలు