పోటుకు కట్టిన జెట్టీ

11 ఫిబ్రవరి 2025
హోప్ టౌన్ జెట్టీ పూర్తయింది. నా మొదటి ప్రాజెక్టు! ఉదయం పదింటికి ఆఫీసు బోటులో వెళ్లి కొలిచాం. డ్రాయింగ్‌కు సెంటీమీటరు తేడా లేదు.

మా పెద్ద ఇంజనీరు వీరరాఘవయ్య సార్ ఇరవై ఎనిమిదిన రిటైర్ అవుతున్నారు. హ్యాండోవర్ మీద ఆఖరి సంతకం తనదే కావాలని ఆశ. శిలాఫలకంలో పేరు సరిగ్గా ఉందా అని నాలుగుసార్లు అడిగారు. ముసలి పెళ్లికొడుకు!

12 ఫిబ్రవరి, సాయంత్రం 4
సైట్‌లో మర్చిపోయిన టేపు కోసం మామూలు ఫెర్రీలో వెళ్లాను. పాటు వేళ, నీళ్లు తీసేశాయి. బోటు ఎక్కడో కింద, మొదటి మెట్టు నా నడుమంత ఎత్తున. చేపలమ్ముకుని వస్తున్న గవరమ్మ అనే ఆమెను ఇద్దరు చంకల కింద పట్టుకుని పైకి లాగారు. మోకాలు చెక్కుకుపోయింది.

ఇంజనీరు నేనేనని చెప్పాను. ఆమె తిట్టలేదు. "మీరు పోటుకొస్తారు, పోటుకే ఎల్లిపోతారు బేటీ. పాటేల మమ్మల్నెవులు సూత్తారు?" అంది.

నిజమే. ఆఫీసు బోటు పెద్దది, నీళ్లు నిండుగా ఉంటేనే ఆనుతుంది. ఏడాదిలో తొమ్మిదిసార్లు వెళ్లాను. తొమ్మిదిసార్లూ పోటే. టైడ్ టేబుల్ సొరుగులోనే ఉంది. సిగ్గుతో చచ్చాను.

13 ఫిబ్రవరి
సూపర్‌వైజర్ నాగబాబు భయ్యా చెప్పాడు: హ్యాండోవర్ అయిపోతే ఒక్క మెట్టుకైనా కొత్త శాంక్షన్ కావాలట, రెండేళ్లు పడుతుందట. సార్‌కు ఇప్పుడే చెప్పాలి.

20 ఫిబ్రవరి
చెప్పలేదు.

24 ఫిబ్రవరి
చెప్పాను. డ్రాయింగ్ పాసయిందా లేదా అని ఆఫీసంతా వినపడేలా అరిచారు. అరగంట తర్వాత వచ్చి, అన్నం తిన్నావా అన్నారు. ఆయన కోపం అంతే.

27 ఫిబ్రవరి
సార్‌ను మూడింటి ఫెర్రీలో తీసుకెళ్లాను. పాటు. మెట్టు అందక సార్ రెండుసార్లు కాలెత్తి దించేశారు. గవరమ్మకు ఆయనెవరో తెలీదు. బల్ల మీద కూర్చుని, "సిగ్గేటి భయ్యా, నా తొడ మీద కాలెయ్" అంది.

సార్ వంగి, బూట్లు విప్పి, అప్పుడు కాలు పెట్టారు. ఆ మనిషి మీద ఎంత ప్రేమ పుట్టిందో రాయడం నాకు చేతకాదు.

28 ఫిబ్రవరి
సంతకం పెట్టలేదు. ఫైల్లో స్వయంగా రాశారు: కిందికి మరో మూడు మెట్లు కట్టాలి, తప్పు మన ప్లానింగ్‌ది. ఫలకం మీద ఇక కొత్త సార్ పేరు. ఫేర్‌వెల్‌లో నేనే ఏడ్చాను. "పిచ్చిపిల్లా, ఇకనుంచి ఏ సైటుకైనా ముందు జనం వెళ్లే బోటులో వెళ్లు" అన్నారు.

13 మే, సాయంత్రం 4:15
పాటు. సన్నగా వాన. కొత్త మెట్ల పక్కన చెయ్యి చాచి నిలబడ్డాను. గవరమ్మ చూడనైనా చూడలేదు. ఎక్కి వెళ్లిపోయింది.