నాలుగు వందల పన్నెండు పేజీల ఎర్రసిరా

పెదనాన్నకి నమస్కారాలు.

మీరు దిద్ది పంపిన నాలుగు వందల పన్నెండు పేజీలూ చేరాయి. తప్పు నాది. ముప్ఫై రెండు పేజీల సంచికను మామూలుగా ప్రింటు తీయకుండా, దాని వెనకుండే ఎక్సెమ్మెల్ ఫైలును తీసి పంపాను. అది కంప్యూటర్ చదువుకునే రాత. మీరు దాన్ని కూడా మూడు వారాలు కూర్చుని చదివారు!

అందులో ప్రతి ముక్కకీ మొదట ఒక గుర్తు, చివర మళ్లీ అదే గుర్తు ఉంటుంది. "చెప్పిందే చెప్పడం దేనికి?" అని మీరు చివరివన్నీ కొట్టేశారు. నలభై ఏళ్లుగా మన ప్రెస్సులో మీ ఎర్రసిరాను కాదన్నవాళ్లు లేరు. నేనూ మీ దిద్దుబాట్లన్నీ ఎక్కించి, పాత ఫైలు మీదే సేవ్ చేశాను. ఇప్పుడది తెరుచుకోవడం లేదు. బాబాయితో చెబితే, "అన్నయ్య దిద్దాక తప్పెలా ఉంటుందే? కంప్యూటర్ మార్చు" అంటున్నాడు.

"క్రమశిక్షణ ఉంది, మనుషులే లేరు" అని చివరి పేజీలో మీ అభిప్రాయం రాశారు. ఉన్నారు పెదనాన్నా. రెండు వందల పదకొండో పేజీలో "ఈయన కళ్లుగప్పిన తప్పు ఇంకా పుట్టలేదు" అని ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన "అతిశయోక్తి" అని రాశారు.

అది మీ సన్మాన సంచిక. మీ చేయి పడకుండా ఏదీ అచ్చుకి వెళ్లదు కనుక, మీ పేరున్న చోటల్లా ఖాళీ ఉంచి, ఎవరిదో చెప్పకుండా పంపాను. సభ ఆదివారమే. దయచేసి వచ్చి, కొట్టేసినవన్నీ మళ్లీ చేర్పించండి. ఆ వాక్యాన్ని కూడా. బాబాయి జన్మలో సొంతంగా రాసింది అదొక్కటే.

మీ అమ్మాయి