ఫ్యాను తీసుకోండి, తెల్లవారుజాము ఇవ్వండి

గుంటూరు,
మే నెల, ఉదయం ఎనిమిది గంటలు
(అప్పుడే ముప్పై ఆరు డిగ్రీలు)

వేసవి ఉపశమన ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మిర్చి షెడ్డు పనివేళలు మార్చుట గురించి; తమరు దయతో బహూకరించిన ఫ్యానును అంతకన్నా దయతో వెనక్కి తీసుకొనుట గురించి.

ఉదయశ్రీ అను నేను బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివి, ప్రస్తుతం ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నదానను, అనగా ఇంట్లో ఉన్నదానను. మా అమ్మ మల్లేశ్వరి నగర శివారున నాగేంద్రబాబు గారి షెడ్డులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పని చేస్తుంది. ఆమె తరఫున, ఆమెకు తెలియకుండా, విన్నవించుకొనునది ఏమనగా:

1. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ ఎండలో పని చేయరాదని తమ కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. చాలా మంచి ఉత్తర్వు. అయితే మా షెడ్డుకు పైన రేకులు ఉన్నందున అది నీడ కిందికి వస్తుందనీ, కనుక ఉత్తర్వు వర్తించదనీ తమ సిబ్బంది తేల్చారు. నీడే, కాదనను. ఆ లెక్కన పెనం మీద మూత పెడితే లోపలి అట్టు కూడా నీడలోనే ఉన్నట్టు.

2. "వదులైన, పలుచని నూలు దుస్తులు ధరించవలెను" అని తమ కరపత్రం. పత్తి పండించే నేలకు నూలు గురించి తెలియజేసినందుకు కృతజ్ఞతలు. మిరప ఘాటు ఒంటికి తగలకుండా మా వాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడిగి, ముఖానికి తువ్వాలు చుట్టి, కళ్లు మాత్రం బయట పెట్టుకుని కూర్చుంటారు. వాళ్ల దగ్గర పలుచబడింది ఓపిక ఒక్కటే.

3. ఈ సంగతులన్నీ నేను ఆన్‌లైనులో అర్జీగా పెట్టగా, గత నెలలో తమరు స్వయంగా విచ్చేసి, గేటు దగ్గర చలివేంద్రం ప్రారంభించి, లోపలికి వచ్చి, రిబ్బను కట్టిన పెద్ద స్టాండు ఫ్యానును బహూకరించారు. ఎంత ఉక్కపోసినా మిర్చి షెడ్డులో ఫ్యాను వేయరని గుంటూరులో పసిపిల్లలకూ తెలుసు. తమరు బదిలీ మీద వచ్చారు, తెలియకపోవడం తప్పు కాదు. కానీ తమ వెంట వచ్చినవాళ్లంతా ఇక్కడివాళ్లే. ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పింది అమ్మతో పాటు తొడిమలు తీసే వెంకటేశ్వరమ్మ పిన్ని.

"అయ్యా, ఎయ్యమాకండి! మీకు దణ్ణం పెడతా, ఎయ్యమాకండి!"

"మొహమాటం వద్దమ్మా, ఇది మీ కోసమే" అంటూ తమరు మీట నొక్కారు. అదీ మూడో నంబరు మీద.

తరువాత జరిగింది తమకు తెలిసినదే అయినా, రికార్డు కోసం రాస్తున్నాను. కాయల గుట్ట మీది కారపు దుమ్ము మేఘంలా లేచింది. ఈ వేసవిలో మేం చూసిన మేఘం అదొక్కటే. తమ సిబ్బంది తుమ్ముకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ గేటుకేసి పరుగెత్తారు. తమరు కళ్లు మూసుకునే చలివేంద్రం దాకా వెళ్లి, చేతికందిన కుండలోని మజ్జిగతో ముఖం కడుక్కున్నారు. "కళ్లు రుద్దమాకండి సార్, ఇంకా ఎక్కుద్ది!" అని అరుస్తూ, అమ్మ పక్కనే కూర్చుని పని చేసే నసీమున్నీసా అత్త తమ వెనకాలే పరుగెత్తింది. మా వాళ్లకు ఆ రోజు మజ్జిగ లేదు. నవ్వు మాత్రం సాయంత్రం దాకా సరిపోయింది.

4. మరుసటి రోజు నా ఫోనుకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఆ వెనకే ఒక రికార్డు గొంతు, సంతృప్తి చెందితే ఒకటి, చెందకపోతే రెండు నొక్కమంది. రెండు నొక్కాను. "ధన్యవాదాలు" అని పెట్టేసింది. తమ ఆఫీసుకు వచ్చాను. మే నెలలో స్వెట్టరు వేసుకున్న అటెండరు, "సారు మీటింగులో ఉన్నారు, ఎండల గురించే" అన్నాడు.

5. పోయిన మంగళవారం మధ్యాహ్నం మా అమ్మ కూర్చున్నచోటే కాయల గుట్ట మీదికి ఒరిగిపోయింది. ముఖం కాయల్లోకి. ఇక్కడ నాకు ఆఫీసు భాష రావడం లేదు, మన్నించాలి. నేను వెళ్లేసరికి నసీమున్నీసా అత్త తలను ఒళ్లో పెట్టుకుని, వాచిపోయిన బుగ్గలకు నూనె రాస్తోంది. వడదెబ్బ అన్నాడు డాక్టరు. మళ్లీ మధ్యాహ్నం పూట ఆ రేకుల కింద కూర్చోబెడితే ఈసారి తన దగ్గరికి తేవక్కర్లేదన్నాడు.

పని మానెయ్యమంటే అమ్మ, "మానేస్తే నా చోట ఇంకోదాన్ని కూర్చోబెడతారే. నీకు ఉద్యోగం వచ్చినాక చూద్దాంలే" అంది. ఈ ఆఖరి వాక్యం అర్జీలో అవసరం లేదు. అయినా రాశాను.

6. దీనికి మందు ఉంది. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి, పదకొండు లోపల పని ముగించి లేవడం. ఆ వేళ కాయ కాస్త మెత్తబడి ఉంటుంది, తొడిమ తేలిగ్గా వస్తుంది. మధ్యాహ్నమైతే అదే కాయ పెళుసెక్కి విరుగుతుంది, గింజ రాలుతుంది, ఘాటు రెట్టింపవుతుంది. యజమానికీ నష్టమే. ఈ మాటే అంటే నాగేంద్రబాబు గారు, "నాకేం పగా అమ్మాయ్, మీ అమ్మ మీద? తొమ్మిది నుంచి ఆరని కాయితాల్లో ఉంది. తెల్లారగట్ట ఆడాళ్లను పిలిస్తే రేపు నన్నే నిలబెట్టి అడుగుతారు. ఆఫీసరు గారి సంతకం తే, కోడి కూయకముందే తాళం తీస్తా" అన్నారు.

కావున షెడ్డు పనివేళలు మార్చుతూ ఒక్క సంతకం దయచేయవలెనని ప్రార్థన. అందుకు ఇంకా పరిశీలన అవసరమైతే, ఎండల మీద తమ తదుపరి సమీక్షా సమావేశం మా షెడ్డులోనే పెట్టుకోండి, మధ్యాహ్నం రెండింటికి. కుర్చీలు లేవు. గోతాలు ఉన్నాయి. తమరు ఇచ్చిన ఫ్యాను కూడా ఉంది, రిబ్బను విప్పలేదు.

పై విషయములు చల్లని గదిలోనైనా సరే, చిత్తగించి ఉత్తర్వు ఇప్పించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు, ఇంకా కొద్దిరోజుల వరకు,
ఉదయశ్రీ

తా.క.: సార్, ఇది రాస్తుండగానే అమ్మ లేచి క్యారేజీ సర్దుకుంది.

"పొద్దున్నే ఏం రాస్తన్నావే?"

"ఉద్యోగానికి అప్లికేషను."

"రాయి, రాయి. నే పోతన్నా."

"ఇవాళొద్దమ్మా. డాక్టరేమన్నాడు?"

"డాక్టరుకేం, చెప్తాడు. ఇవాళ కూడా పోకపోతే మేస్త్రి నా పేరు కొట్టేస్తాడు."

ఆపలేకపోయాను సార్. నేనూ వెనకాలే వెళ్తున్నాను. పదకొండు కాగానే ఆమెను బయటికి లాగేసి, ఆ గుట్ట దగ్గర నేను కూర్చుంటాను. మేస్త్రికి చేతులు కదులుతుంటే చాలు, ఎవరివో అక్కర్లేదు. మీ జవాబు ఇంటికి పంపకండి, ఎవరూ ఉండరు. షెడ్డుకే పంపండి. మీరు సంతకం పెట్టేదాకా మధ్యాహ్నాలు అక్కడే ఉంటాను, మా అమ్మ చోట.