నిఖా గదికి వెనక్కి

సలీం,

నువ్వు బతికుండగా నిన్నెన్నడూ పేరు పెట్టి పిలవలేదు. నువ్వు పోయి నేటికి ఏడాది. ఫాతిహా చదివించి, వచ్చినవాళ్లకు అన్నం పెట్టాను. వాళ్లు వెళ్లాక నన్ను కొట్టిన నీ బెల్టును పొయ్యిలో వేశాను.

మన షబానా బడి కోసం రాసిన కథ వినిపించింది. అందులో ఒక తల్లి ఒక్కసారి మాత్రం గతంలోకి వెళ్లగలదు. నీలాగే ఆమె భర్త కూడా మునిగిపోయిన హాలియా కాలువకు, అతన్ని ఆపడానికి వెళ్తుందనుకున్నాను. ఆమె తన నిఖా గదికి వెళ్లింది. పెద్దలొచ్చి ఒప్పుకుంటావా అని అడిగితే, మాట్లాడకుండా తల దించుకుంది.

"ఊకుంటే ఒప్పుకున్నట్టే రాసుకుంటరు బిడ్డా. నన్ను గూడ గట్లనే రాసుకున్నరు. ఆమెతోని 'వద్దు' అనిపియ్యి," అన్నాను.

"గట్లయితే నేను పుట్టనే పుట్టను గదా, అమ్మీ?"

నేను తల దించుకున్నాను.

బిడ్డ ఒప్పుకున్నట్టే రాసుకుంది.