గడియ ఊడిన కంప్యూటర్

ప్రియమైన పిచ్చుకకు,

మీ వదిన దీవించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. ఫోన్లో చెబుదామంటే మీ అన్నయ్య పక్కన చేరి నా మాట కూడా తనే మాట్లాడేస్తాడు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఈమధ్య ఆసుపత్రి నుంచి రాగానే స్నానం చేస్తే తప్ప కూర్చోలేకపోతున్నాను. రోగుల వల్ల కాదు. చర్మవ్యాధుల ఆసుపత్రిలో ఇన్నేళ్ళు చేశాక పొలుసులూ పుళ్ళూ నాకు అసహ్యం కాదు. నా పనే వాటి ఫొటోలు తీయడం. మందు వేయకముందు ఒకటి, వేశాక ఒకటి. ముఖం, వీపు, రొమ్ము, తొడ, ఎక్కడుంటే అక్కడ. కట్టుకున్నవాళ్ళకు కూడా చూపించని చోటు నా కెమెరాకు చూపిస్తారు, కళ్ళు మూసుకుని.

ఆ ఫొటోలన్నీ ఉండే కంప్యూటర్ గురించే ఈ ఉత్తరం. దానిలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు సపోర్టు అయిపోయిందట, ఇక భద్రతా అప్‌డేట్లు రావట. తెర మూలన రోజూ ఆ హెచ్చరిక వస్తోంది. మా మేనేజరు ఏం చేశాడో తెలుసా? మందుల కంపెనీ వాళ్ళు పంచిన నవ్వుమొహం స్టిక్కరు తెచ్చి సరిగ్గా ఆ మూల మీద అంటించాడు. "ఇప్పుడు కనపడట్లేదు కదమ్మా!" అన్నాడు.

మధ్యాహ్నం భోజనం ప్లేటు పట్టుకుని అక్కడే కూర్చుంటాడు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన సినిమాలు అందులో పెట్టుకుంటాడు. తెరకు ఒక పక్క సినిమా, ఇంకో పక్క నేను మూయడం మరిచిన ఎవరో తల్లి వీపు. మీటల సందుల్లో మెతుకులు, మౌస్ మీద జిడ్డు. ముట్టుకుంటే వేళ్ళు అతుక్కుంటాయి.

రిసెప్షన్లో బిల్లులు కొట్టే ముసలి కంప్యూటర్‌కూ సపోర్టు అయిపోయింది. పెద్ద డాక్టరుతో చెప్పాను. "పనిచేస్తోందిగా? పాతదైతే ఏంటి, నేనూ పాతవాణ్ణే" అని నవ్వాడు. మొన్ననే హాల్లోకి కొత్త సోఫాలొచ్చాయి, గోడంత ఆయన ఫొటో కూడా వచ్చింది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. దురదలు మాన్పే ఆసుపత్రిలో ఈ దురద నా ఒక్కదానికే పట్టింది. నువ్వు యూనివర్సిటీలో కంప్యూటర్లన్నీ చూసుకుంటావు కదా, ఏం చేయాలో నాకు అర్థమయ్యే భాషలో రాయి.

నీ వదిన

*

మా వదినకు,

నీ ఉత్తరం చదివి నా కీబోర్డు తుడుచుకున్నాను. నిజం.

సపోర్టు ఆగిపోయిందంటే కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. మీ డాక్టరు లాంటివాళ్ళు బోల్తా పడేది అక్కడే. ఇన్నాళ్ళూ ఎక్కడ కన్నం బయటపడినా తయారుచేసిన కంపెనీ పూడ్చేది. ఇక పూడ్చదు. దొంగలు మాత్రం కన్నాలు వెతకడం మానరు, దొరికినవి ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు కూడా. యాంటీవైరస్ ఉందిగా అంటాడు మీ స్టిక్కరు మేనేజరు. గడియ ఊడిన తలుపు దగ్గర కుక్కను కట్టేస్తే అది అరవగలదు గానీ గడియ వేయలేదు కదా.

ముందు ఆ యంత్రం కొత్త సిస్టమ్‌ను మోయగలదేమో చూడు. మోయగలిగితే అంతకంటే మేలు లేదు. అయితే నాకు అనుమానం కంప్యూటర్ మీద కాదు, కెమెరా మీద. ఇలాంటి కెమెరాల సాఫ్ట్‌వేర్ చాలాసార్లు పాత సిస్టమ్ మీద తప్ప నడవనని మొండికేస్తుంది. కెమెరా కంపెనీకి రాసి, కొత్త సిస్టమ్ మీద నడిచేది ఉందేమో అడుగు. అది వచ్చేలోపు, డబ్బు కడితే మరి కొంతకాలం అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు కొన్ని సిస్టమ్‌లకు ఉంటుంది, మీదానికి ఉందేమో కనుక్కోండి. అది గడువు కొనుక్కోవడమే, జబ్బు నయం కావడం కాదు.

బిల్లులు కొట్టే కంప్యూటర్ సంగతి వేరు. అది కొత్త సిస్టమ్‌కు చాలనంత ముసలిదైనా పారేయనక్కర్లేదు. ఉచితంగా దొరికే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించు. మీ బిల్లులన్నీ బ్రౌజర్లోనే కదా, నాలుగు రోజులు తడబడతారు, తరవాత అలవాటైపోతుంది.

ఇక కెమెరా కంప్యూటర్‌ను ఎటూ మార్చలేమంటే దాన్ని ఒంటరిదాన్ని చేసెయ్. నెట్ వైరు పీకెయ్, వైఫై తీసేయించు. మెయిల్ లేదు, సినిమా లేదు, ఎవడి జేబులోని పెన్‌డ్రైవూ లేదు. ఫొటోలకు రెండు డిస్కుల్లో ప్రతులు ఉంచు. అందులో ఒకటి ఎప్పుడూ బీరువాలోనే ఉండాలి, ప్రతి తీసేటప్పుడు తప్ప దేనికీ తగిలించకూడదు. పాత ఫొటోలను, ముఖ్యంగా వైద్యం పూర్తయినవాళ్ళవి, అందులోంచి తీసేయించు. లేనిదాన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు.

అన్నయ్యకు మొట్టికాయ. నీకు ముద్దు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

నువ్వు చెప్పినవన్నీ పట్టుకుని పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళాను. ఆయన గోళ్ళు కత్తిరించుకుంటూ విన్నాడు. విన్నాడో లేదో! ముక్కలు బల్ల మీద పడుతున్నాయి, నేను వాటినే చూస్తూ మాట్లాడాను. "కెమెరా కంపెనీకి రాస్తే కొత్త కెమెరా కొనమంటారు. ఎవడి మొహం చూడటానికి మన దగ్గరికొస్తాడు దొంగ? గజ్జి ఫొటోలు ఎవడికి కావాలమ్మా?" అన్నాడు.

గజ్జి ఫొటోలట. ఆ మనుషుల ఎదుట ఎంత మెత్తగా మాట్లాడతాడో నువ్వు చూడాలి.

బిల్లుల కంప్యూటర్‌కు మాత్రం సరేనన్నాడు, ఖర్చు లేదన్నాను కాబట్టి. రిసెప్షనిస్టు మొదటి రోజు ఏడుపు మొహం పెట్టింది, ఇప్పుడు ఇదే త్వరగా తెరుచుకుంటోందంటోంది. కెమెరా కంప్యూటర్ సంగతి నేనెవరినీ అడగలేదు. వైరు పీకేశాను. వైఫై బిళ్ళ ఊడదీశాను. మీటలు స్పిరిట్‌తో కడిగితే మురికినీళ్ళు కారాయి. ఫొటోలకు రెండు ప్రతులు తీశాను. పాతవి తీసేద్దామంటే మాత్రం డాక్టరు ఒప్పుకోలేదు, ఉపన్యాసాల్లో చూపించుకోవడానికి కావాలట.

మేనేజరు నాతో మాట్లాడటం మానేశాడు. సినిమా పోయిందని. నాకు ఆకలి పెరిగింది.

నీ వదిన

*

మా వదినకు,

ఇన్నాళ్ళయినా ఉత్తరం లేదేమిటి? అన్నయ్యకు ఫోన్ చేస్తే "మీ వదిన అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది, అడిగితే కసురుతోంది" అన్నాడు. కసిరితే బాగానే ఉన్నావనుకున్నాను. తినట్లేదంటేనే భయమేసింది.

ఒక్క ముక్క రాయి. బాగోలేదని రాసినా సరే.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

జరిగింది. నువ్వు భయపడిందే జరిగింది.

ఒక సోమవారం కంప్యూటర్ తెరిస్తే ఒక్క ఫొటో తెరుచుకోలేదు. తెర నిండా ఒక బెదిరింపు. మీ ఫొటోలన్నీ మా దగ్గరున్నాయి, అడిగినంత ఇవ్వకపోతే పేర్లతో సహా బయట పెడతాం అని. కింద మచ్చుకు ఒకటి పెట్టారు. అది మా దగ్గరికొచ్చే బడి టీచరమ్మది. ముఖం నిండా తెల్లమచ్చలు, రంగు పూసి బళ్ళో ఎవరికీ కనపడనివ్వనివి. ఆ ఫొటో తీసిన రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇది ఎవరూ చూడరు కదండీ?" అంది. "చూడరమ్మా" అన్నాను. నేనే అన్నాను.

బీరువాలో ప్రతులున్నాయి కాబట్టి వైద్యం ఆగలేదు. కానీ పిచ్చుకా, ప్రతి ఉంటే పోయింది తిరిగొస్తుంది గానీ బయటికి వెళ్ళిపోయింది తిరిగిరాదు కదా.

పెద్ద డాక్టరు మమ్మల్నందరినీ పిలిచాడు. భయపడి ఉంటాడనుకున్నాను. కాఫీ తాగుతూ చెప్పాడు. "ఎవరడిగినా కరెంటు పోటుకు కంప్యూటర్ కాలిపోయిందనండి. ఒక్క రోగికి తెలిసినా మీ జీతాలు ఉండవు." తర్వాత నా వైపు చూపించాడు. "అంతా బాగానే ఉండేది. ఈవిడ వైర్లు పీకి గెలికింది, దాని ఫలితమే ఇది." మేనేజరు తల ఊపాడు. మిగతావాళ్ళు నేల చూశారు. ఆ నేల మీద అంత చూడదగ్గదేమీ లేదు.

ఆ మధ్యాహ్నమే ఆ టీచరమ్మ వచ్చింది. డాక్టరు ఆవిడ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "చాలా తగ్గిందమ్మా, మా అమ్మాయిలా ఉన్నావు" అన్నాడు. నేను బయటికెళ్ళి వాంతి చేసుకున్నాను.

వైరు పీకాను కదే! మరి ఎలా వచ్చారు? నా వల్లేనా?

నీ వదిన

*

వదినా,

నీ వల్ల కాదు. నెట్‌కు తగిలించని కంప్యూటర్ లోపలున్న ఫొటోలు వాటంతటవి నడుచుకుంటూ వెళ్ళవు. వైరు పీకినందుకు వైరస్ రావడమా? తాళం వేసినందుకు దొంగ పడ్డాడని ఎవడైనా అంటాడా? మేనేజరు పెన్‌డ్రైవైనా పెట్టి ఉండాలి, ఎవరో వైరైనా తిరిగి తగిలించి ఉండాలి. దాన్ని తుడిచేయనివ్వకు. బయటి నిపుణుణ్ణి పిలిపించి చూపించండి.

దొంగలకు డబ్బిచ్చినా ఫొటోలు చెరిపేస్తారన్న నమ్మకం లేదు. అందుకని ఆ రోగులకు తెలియాలి. తెలిస్తేనే రేపు ఎవడైనా బెదిరిస్తే నిలబడగలరు. ఫిర్యాదు చేయాల్సిన చోటు ఎక్కడో కూడా చూసుకో. ఉద్యోగం పోతుందేమో వదినా. పోదని అబద్ధం చెప్పలేను. అన్నయ్యతో మాట్లాడాను. "అది ఆ కంపులో ఇంకొక్క రోజున్నా నాకు పెళ్ళాం మిగలదు" అన్నాడు. జీవితంలో మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

ముందు ఇది చెప్పేస్తాను. మానేశాను. నిన్న అన్నం తిన్నాను, రెండోసారి వడ్డించుకున్నాను.

నిపుణుణ్ణి పిలవక డాక్టరుకు తప్పలేదు, బీమా కంపెనీ వాళ్ళు చూపించమన్నారు. ఒక సన్నటి మనిషి వచ్చి రోజంతా దాని ముందు కూర్చున్నాడు. నీలాగే నేను కూడా మేనేజరు సినిమాల మీదే అనుమానపడ్డాను. పాపం, ఆ ఒక్క పాపం అతనిది కాదట. వైరు తిరిగి తగిలించింది పెద్ద డాక్టరే. ఉపన్యాసాలకని ఇంటి నుంచే ఫొటోలు చూసుకోవడానికి, నేను సెలవులో ఉన్న వారం ఎవరినో పిలిపించి, బయటినుంచి నేరుగా ఆ కంప్యూటర్లోకి వచ్చే దారి తెరిపించుకున్నాడు. బల్ల వెనక తగిలించిన ఆ వైరు తిరిగొచ్చాక నా కంట పడనేలేదు. ఆ దారినే వాళ్ళూ వచ్చారు. ఆ మాట వినగానే డాక్టరు అన్నదేమిటో తెలుసా? "ఇది రిపోర్టులో రాయక్కర్లేదు కదా?" అప్పటికి నాకింక కోపం కూడా రాలేదు. బల్లిపడ్డ గిన్నెను చూసినట్టు చూశాను.

ఆ సాయంత్రం నుంచి రోగులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు నన్నే తిట్టారు. ఒకాయన పెట్టేశాడు. టీచరమ్మ మాత్రం, "మీరు చెప్పారు, అది చాలు. బళ్ళో పిల్లలకు రేపు నేనే చెబుతా, ఎవడో చూపించే లోపు" అంది. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆవిడే నన్ను ఓదార్చింది.

మర్నాడు హాలు కిటకిటలాడుతోంది. ఒళ్ళంతా పొలుసుల జబ్బున్న బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు, ఎండాకాలం కూడా పొడుగు చేతుల చొక్కా విప్పడు. ఆయన నేరుగా డాక్టరు ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"మా ఫొటోలు పోయాయంట గదా డాక్టర్ గారూ?"

"లోపలికి రండి, మాట్లాడుకుందాం."

"లోపల ఎందుకండీ? ఇక్కడే చెప్పండి."

"చూడండి, ఇలాంటివి అందరి ముందూ..."

డ్రైవరు చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. ఒక గుండీ ఎంతకీ రాలేదు. విప్పి, అందరికీ కనపడేలా వెనక్కి తిరిగాడు. మెడ నుంచి నడుము దాకా ఎర్రటి పొలుసులు.

"ఇదేగా వాళ్ళు చూపిస్తామంటోంది? ఇదిగో, నేనే చూపిస్తున్నా. నా వీపు చూసి అసహ్యించుకునేవాళ్ళు నాకు కొత్త కాదు. నా రోగం నేను దాచుకున్నానంటే సిగ్గేసి. నువ్వెందుకు దాచావయ్యా? నీకేం రోగం?"

కొత్త సోఫాల్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఒక ముసలావిడ వెళ్ళి డ్రైవరు వీపు మీద చెయ్యి వేసింది. అందరూ ఆ వీపు వంకే చూస్తున్నారు. పుట్టిందగ్గర్నుంచీ చర్మం తప్ప వేరే చదువు చదవనట్టు మాట్లాడే ఆ డాక్టరు ఒక్కడే తల తిప్పుకున్నాడు.

ఫిర్యాదు వాళ్ళందరూ కలిసి పెట్టారు. విచారణకు వచ్చినవాళ్ళు జరిగింది రోగులందరికీ రాతపూర్వకంగా చెప్పమని డాక్టరుతో అన్నారు, పాత ఫొటోలు తీసేయించారు. దొంగలు కొన్ని బయట పెట్టారు, అది ఆగలేదు. ఆగిందని నీకు అబద్ధం రాయను.

మానేస్తానని చెప్పడానికి వెళ్తే డాక్టరు కరచాలనానికి చెయ్యి చాపాడు. సోమవారం నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్తున్నానని చెప్పి, చేతులు వెనక్కి కట్టుకునే బయటికొచ్చాను. మీ అన్నయ్య మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచాను.

నీ వదిన