సారు చొక్కా మీద సాయంత్రపు ఎండ

3వ తేదీ, ఉదయం 5.40
సెమినార్ వ్యాసం: ‘కాల్పనిక కవిత్వంలో సౌందర్యపు శాశ్వత శక్తి’. గడువు 20. బాగుంటే, పరిశోధన సీటుకు సిఫారసు ఉత్తరం రాస్తానన్నారు సారు. ‘అనుభవించకుండా రాయొద్దు’ అన్నారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని. రాసి తీరతాను, సందేహమే లేదు. రోజూ అరగంట ఒక అందమైన వస్తువును చూస్తాను.

4, ఉదయం
ఆకాశం. పన్నెండు నిమిషాలు. మిగతా పద్దెనిమిది, ఊరివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసే మా పెట్టెలో బొగ్గులు రాజేయడానికి పోయాయి.
“ఏం చూస్తున్నావే?” అంది అమ్మ.
“అందం.”
“చూస్తూనే ఆ దుప్పట్లు మడతపెట్టు.”

6
ఎదురింటి గులాబీ. కాలేజీ నుంచి వచ్చేసరికి రాలిపోయింది. పువ్వు పోయినా అందం ఉంటుందంటారు కవులు. ఎక్కడుంటుందో ఎవరూ రాయలేదు.

9
ఈ మూడు రోజులూ కుదరలేదు. అరవై జతల స్కూలు యూనిఫారాలు. వాటిలో కూడా అందం ఉండొచ్చు. వెతికే ఓపిక లేదు.

11, సాయంత్రం 5.30
బల్ల మీద తెల్ల చొక్కా. కిటికీలోంచి ఎండ దాని మీద వాలింది. ప్రతి ముడతకూ ఒక బంగారు అంచు. నన్ను నేను మరిచిపోయాను. కవులు చెప్పింది నిజమే.
చేతిలో ఇస్త్రీ పెట్టెనూ మరిచిపోయాను.
జేబు మీద గోధుమరంగు మచ్చ. అమ్మకు చదువు రాదు, కాలర్ లోపలి గుర్తు చూసి ఎవరి బట్టో చెబుతుంది. రెండు చుక్కలు, ఒక గీత.
“మీ సారుదే” అంది.

12
చొక్కా పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాను.
“వస్తువు నశించినా అందం నశించదని మీరే అన్నారు కదా సార్.”
“అది పాఠమమ్మా. ఇది చొక్కా.”
ఉత్తరం సంగతి తర్వాత చూద్దామన్నారు.

13
వ్యాసం మానేశాను. యూనిఫారాలే నయం, అనుభవించమని అడగవు.

14, సాయంత్రం
“చొక్కా కాలేదాకా చూశావంటే ఏదో కనబడే ఉంటుంది కదే” అంది అమ్మ. “ఆ పెట్టె ఇలా ఇవ్వు. నువ్వెళ్లి చూసుకో.”
మొదటి వాక్యం రాశాను: ‘అందం శాశ్వతమే, అయితే మనం చూస్తున్నంతసేపూ మన పని ఇంకొకరు చెయ్యాలి.’
ఇది చదివి సారు ఉత్తరం రాస్తారా? అనుమానమే. అయినా ఆ వాక్యం కొట్టెయ్యను.
మళ్లీ మొదటి రోజు. అరగంట. అమ్మ ఇస్త్రీ చేస్తోంది, నేను అమ్మను చూస్తున్నాను.