ఎర్ర గీత, రెండు చుక్కలు

జూన్ 3, మంగళవారం

నా డ్రోన్ పోలీస్ స్టేషన్‌లో ఉంది. కాగితం చిరిగేలా పెన్ను నొక్కి రాస్తున్నాను. భయం కాదు, కోపం.

పొద్దున నరసమ్మత్త ఏడుస్తూ వచ్చింది. "అమ్మా మల్లీ, రెండు గొర్రెలు కనపళ్లే... నీ డ్రోన్ ఎగరెయ్యమ్మా." ఎగరేశాను. పావుగంట కూడా పట్టలేదు — వాగు గట్టు కింద, కంపలో చిక్కుకుని రెండూ. అత్త నా బుగ్గలు పుణికి అటు పరిగెత్తింది. ఇటు పోలీసు జీపు వచ్చి ఆగింది.

ఎస్సై: "నంబరు ఏదమ్మా దీనికి?"

డ్రోన్ పొట్ట కింద వేసిన ఎర్ర గీత, రెండు చుక్కలు చూపించాను. మా గొర్రెల వీపు మీద వేసే గుర్తే. "ఇది చూస్తే ఎవరిదో ఎవరన్నా చెప్తారు సార్." నిజంగానే అది చాలనుకున్నాను! రాచర్ల నుంచి అర్ధవీడు దాకా ఈ గుర్తున్న గొర్రె తప్పిపోతే మా దొడ్డికే తోలుకొస్తారు మరి. జీపులో అందరూ ఒకటే నవ్వు. గొర్రెల్ని తోలుకుని అప్పుడే వచ్చిన అత్త కూడా విన్నది.

"ప్రభుత్వం ఇచ్చే నంబరుండాల. ఎవరిది, ఎవరు ఎగరేస్తున్నారు, మాకు తెలియాల. ఇదేమన్నా గొర్రెనా?" నన్నూ డ్రోన్‌నూ స్టేషన్‌కు తీసుకుపోయి, సాయంత్రం నన్ను మాత్రం వదిలారు.

జూన్ 4, బుధవారం

గిద్దలూరు, నెట్ సెంటర్. డ్రోన్ నంబరు దరఖాస్తులో తయారీ కంపెనీ పేరు అడుగుతోంది. నా పేరు కొట్టాను. తీసుకోదు. మోడల్ అంటుంది, సర్టిఫికెట్ అంటుంది... ఏడాది పాటు పాత మోటార్లు వెతికి, వేళ్లు కాల్చుకుని అతికించిన దానికి మోడలేంటి? "కంపెనీది కొనుక్కో అక్కా, సులువు" అంటాడు సెంటర్ ఆయన. సులువట! కొనగలిగితే ఇంత తంటా ఎందుకు పడతాను?

జూన్ 5

నాయన రెండు రోజులుగా ఒకటే మాట — "ఆడపిల్లకు స్టేషన్ మెట్లేంది?" అన్నం తినకుండా లేచాను.

జూన్ 6, శుక్రవారం

ఎస్సై చెడ్డవాడేం కాదు. స్టేషన్‌కు పోతే కుర్చీ వేయించాడు, కాగితం చేతిలో పెట్టాడు. "ఇకమీదట డ్రోన్ ఎగరవేయను" — అంతే ఉంది అందులో. "సంతకం పెట్టు, నీ డ్రోన్ తీసుకుపో. కేసు లేదు, ఏం లేదు."

ఎగరకూడని డ్రోన్ తెచ్చుకుని ఏం చేయాలి? పీట మీద పెట్టి పూజ చేయాలా?

నంబరు ఉండాలనడం తప్పని నేను అనను. ఎవరిదో తెలియనిది నెత్తి మీద తిరిగితే నాకూ భయమే. కానీ నాది ఎవరిదో తెలియదా? ఎదురుగా నిలబడి నాదే అంటున్నాను కదా!

"నంబరుకు దారి చెప్పండి సార్, తెచ్చుకుంటా. మానేస్తానని మాత్రం రాయను."

"సోమవారం దాకా ఆలోచించుకో. ఆనక కేసు రాసి డ్రోన్ కోర్టుకు పంపుతా."

జూన్ 7, శనివారం

నరసమ్మత్త వచ్చి నాయన ఎదురుగా చతికిలబడింది. "అన్నా, నీ కూతురు లేకుంటే నా గొర్రెలు నక్కల పాలయ్యేటివి. తప్పేం చేసిందని?" నాయన బీడీ ముట్టించాడు. అత్త ఊరుకుంటుందా — జీపులో వాళ్లు గుర్తు చూసి నవ్వినారని కూడా చెప్పింది.

నాయన బీడీ పారేశాడు. "ఏందీ... మన గుర్తుకు నవ్వినారా?"

కూతుర్ని స్టేషన్‌కు తీసుకుపోతే రాని కోపం, గుర్తుకు నవ్వితే వచ్చింది! ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేశాను.

జూన్ 8

ఒక్క ముక్క కూడా రాయబుద్ధి కాలేదు. నాయన దొడ్లో ఎర్రరంగు కలుపుతున్నాడు. కొత్త గొర్రెపిల్లలకు గుర్తులు.

జూన్ 9, సోమవారం

నాయన ఉతికిన పంచె కట్టాడు. "నేనూ వస్తా. ఈ గుర్తు నాది, ఏం జరిగినా నన్ను అడగండి అని చెప్తా. నంబరు వచ్చినాక పక్కన రాసుకో. గుర్తు మాత్రం తుడపొద్దు."

ఎస్సై వింటాడో లేదో. కోర్టు అంటే ఎన్నాళ్లో, డ్రోన్ మళ్లీ కళ్లబడుతుందో లేదో... తెలియదు.

ఆటో వచ్చింది. ఎస్సై సంతకం పెట్టమన్న కాగితం సంచిలో పెట్టుకున్నాను. పెన్ను మాత్రం తీసుకుపోవడం లేదు. ఈ పేజీలోనే పెట్టి పోతున్నాను.